ఆరోగ్యశ్రీలో మామూలు చికిత్సా, క్లినికల్ ట్రయలా: ఏది మేలు?

నోటి క్యాన్సర్ అనో, రొమ్ములో గడ్డ అనో రిపోర్టు వస్తే నల్గొండ, పాలమూరు వైపు వాళ్లలో చాలామంది వెళ్లేది హైదరాబాద్‌లో రెడ్‌హిల్స్‌ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రికో, పంజాగుట్ట నిమ్స్‌కో. ఆరోగ్యశ్రీ కింద కీమో, రేడియేషన్ మొదలవుతాయి. ఇలాంటి పెద్దాసుపత్రుల్లో డాక్టరు ఒక్కోసారి "ఒక ట్రయల్ నడుస్తోంది, చేరతారా?" అని అడుగుతారు. ట్రయల్ అంటే కొత్త మందునో, చికిత్సనో ఒప్పుకున్న రోగులకు ఇచ్చి పరీక్షించడం. దాంతో ఇంట్లో టెన్షన్. "మా నాయిన మీద ప్రయోగం చేస్తరా?"

ఆ అనుమానం ఊరికే పుట్టలేదు. 2009లో ఒక అధ్యయన ప్రాజెక్టు కింద ఖమ్మం జిల్లా హాస్టళ్లలో ఆడపిల్లలకు హెచ్‌పీవీ (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసే) టీకాలు వేసినప్పుడు చాలా పత్రాల మీద తల్లిదండ్రులకు బదులు వార్డెన్లే సంతకాలు పెట్టారు. మరుసటి ఏడాది ఆ ప్రాజెక్టును ఆపేశారు. అయితే అదొక్కటే చూసి ట్రయల్ అంటేనే పారిపోతే నష్టపోయేదీ మనమే.

నా లెక్కలో తేల్చాల్సింది జబ్బు దశ. నయమయ్యే దశలో ఉండి, రుజువైన చికిత్స ఉంటే దాన్ని వదులుకోకూడదు. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో 10 లక్షల రూపాయలకు పెంచారు కాబట్టి డబ్బు లేదని ట్రయల్‌లో చేరాల్సిన అవసరం కూడా తగ్గింది.

ట్రయల్‌కూ దశలుంటాయి, అవి జబ్బు దశలు కావు. కొత్త మందును ఇప్పుడున్న చికిత్సతో పోల్చి చూసే మూడో దశ ట్రయల్ అయితే కథ వేరు. సాధారణంగా ఒక గుంపుకు ఇప్పుడున్న చికిత్స, ఇంకో గుంపుకు కొత్తది ఇస్తారు. ఎవరు ఏ గుంపో లాటరీ పద్ధతిలో తేలుతుంది, డాక్టరు చేతిలో ఉండదు. ముంబయి టాటా మెమోరియల్‌లో ముదిరిన తల, మెడ క్యాన్సర్ రోగులు 151 మందితో ఇలాగే చేశారు. మామూలు మాత్రలకు తోడు నివోలుమాబ్‌ అనే ఇమ్యునోథెరపీ (ఒంటి రోగనిరోధక శక్తితో క్యాన్సర్‌పై పోరాడించే) మందును 20 మిల్లీగ్రాములే, అంటే మామూలు మోతాదులో పదో వంతు కన్నా తక్కువ ఇచ్చారు. ఏడాది తర్వాత బతికున్నవాళ్లు మాత్రలు మాత్రమే వాడిన గుంపులో 16 శాతం, మందు కలిపిన గుంపులో 43 శాతం. గుట్కా, అంబర్ నమిలే మన పల్లెలకు ఇంతకన్నా పనికొచ్చే పరిశోధన ఏముంది? ఇలాంటిది ఎదురైతే నేను చేరమనే చెబుతాను.

మొదటి దశ ట్రయల్ మాత్రం మోతాదు ఎంత, తట్టుకుంటారా లేదా అని చూసేది. మిగతా దారులన్నీ అయిపోయి, ఒంట్లో ఇంకా సత్తువ ఉంటేనే దాని గురించి ఆలోచించాలి.

ఖర్చు దగ్గర చాలామంది పొరబడతారు. ట్రయల్ మందుకు సాధారణంగా పైసా తీసుకోరు. కానీ రక్తపరీక్షలు, స్కాన్లు, రాకపోకలు ఎక్కువ. దేవరకొండ నుంచో అచ్చంపేట నుంచో ఒక్కసారి వచ్చి పోవాలంటే రోగి కూలీ, తోడొచ్చినవాళ్ల కూలీ రెండూ పోతాయి. ప్రయాణ ఖర్చు ఇస్తారా అని మొదటే అడగండి, మొహమాటం వద్దు.

కొత్త మందులు, క్లినికల్ ట్రయళ్ల మీద కేంద్రం తెచ్చిన 2019 రూల్స్ ప్రకారం ట్రయల్ వల్ల హాని జరిగితే ఉచితంగా వైద్యం చేయించాలి, నష్టపరిహారమూ ఇవ్వాలి. ఎప్పుడు మానేసినా మామూలు చికిత్స ఆపకూడదు. చదువు రానివాళ్లకు పత్రం చదివి వినిపించేటప్పుడు ట్రయల్‌తో సంబంధం లేని సాక్షి ఉండాలి. పత్రం ఇంటికి తెచ్చుకుని, చదువుకున్న పిల్లలతో సీటీఆర్‌ఐ (దేశంలో ట్రయళ్లను నమోదు చేసే) వెబ్‌సైట్‌లో ఆ ట్రయల్ నమోదు నంబరు వెతికించండి. ఆ నంబరు లేకపోతే సంతకం పెట్టొద్దు.