వార్డులో ఏది మేలు: కోల్‌బర్గా, గిల్లిగనా, నాలుగు సూత్రాలా?

అనంతపురం పక్క పల్లె నుంచి బెంగళూరుకు కూలికి పోయి, జ్వరంతో తిరిగొచ్చిన మనిషికి హెచ్‌ఐవీ పాజిటివ్ వచ్చిందనుకుందాం. "మా ఇంట్లో చెప్పొద్దు మేడమ్" అంటాడు. గంట తర్వాత భార్య సెలైన్ స్టాండ్ పక్కన నిలబడి, "మా ఇంటాయనకు ఏం జబ్బు సిస్టరమ్మా?" అంటుంది. నర్సు ఏం చెప్పాలో తేల్చుకోవడానికి నైతిక ఆలోచనలో మూడు దారులున్నాయి.

అమెరికా మనస్తత్వవేత్త కోల్‌బర్గ్ నైతిక ఆలోచనను మూడు స్థాయిలు, ఆరు మెట్లుగా విడదీశాడు. పరీక్షల్లో చాలామంది తడబడేది ఇక్కడే: మెట్టును తేల్చేది నిర్ణయం కాదు, దాని వెనక చెప్పే కారణం. "చెబితే మెమో ఇస్తారు" అని నర్సు నోరు మూసుకుంటే మొదటి మెట్టు. "రూల్ ఒప్పుకోదు" అంటే నాలుగోది. మౌనం ఒకటే, మెట్లు వేరు. క్లాసులో చర్చకు బాగుంటుంది గానీ, ఆ భార్యకేం జవాబివ్వాలో చెప్పదు.

కోల్‌బర్గ్ మొదట పరిశీలించింది మగపిల్లల్నేనని మరో మనస్తత్వవేత్త గిల్లిగన్ 1982లో వేలెత్తి చూపింది. ఆమె చూపు బంధాల మీద: ఎవరు ఎవరి మీద ఆధారపడ్డారు, దెబ్బ ఎవరికి తగులుతుంది? అలా అడిగితేనే భార్య కడుపుతో ఉందా, విషయం బయటపడితే ఇంట్లోంచి గెంటేస్తారా అన్నవి తెలుస్తాయి. చిక్కేమంటే, జాలి ముదిరి చెవిలో చెప్పేసే ప్రమాదముంది.

వైద్య నీతి మీద రాసిన బోషాంప్, చిల్డ్రెస్ 1979లో ఇచ్చిన నాలుగు సూత్రాలు: రోగి స్వనిర్ణయం, మేలు చేయడం, కీడు చేయకపోవడం, న్యాయం. రోగి గోప్యతకూ భార్య క్షేమానికీ పోటీ వస్తే ఏది నెగ్గాలో ముందే చెప్పవు. అయినా మా ఓటు వీటికే. తగువు ఎక్కడుందో కాగితం మీద కనబడుతుంది, డాక్టరుతో మాట్లాడటానికి భాష దొరుకుతుంది. గిల్లిగన్ ప్రశ్నలు ఆ తర్వాత, తప్పకుండా.

గీత గీసేది మాత్రం 2017 నాటి హెచ్‌ఐవీ చట్టం. భాగస్వామికి చెప్పగలిగేది డాక్టరో కౌన్సెలరో మాత్రమే. అదీ ఆమెకు గట్టి ముప్పుందని నమ్మాలి, ఆయనకు కౌన్సెలింగ్ జరగాలి, అయినా ఆయన చెప్పడని తేలాలి, తాము చెప్పబోతున్నట్టు ఆయనకు ముందే తెలపాలి. అదే పాజిటివ్ వచ్చింది ఆడమనిషికైతే, భాగస్వామికి చెబితే ఆమెకు హింస తప్పదనిపిస్తే చెప్పకూడదు.

అందుకే నర్సు "మామూలు జ్వరమేలే" అనకూడదు, అసలు సంగతీ చెప్పకూడదు. "డాక్టర్ గారితో మాట్లాడిస్తానమ్మా" అని, అదే షిఫ్టులో కౌన్సెలర్‌కు కబురు పెట్టాలి. మంచానికి ఎర్ర స్టిక్కర్ అంటించినా, ఆ ఒక్క మంచం దగ్గరే రెండు జతల గ్లవ్స్ తొడిగినా, వార్డు మొత్తానికీ చెప్పినట్టే.