వేళచ్చేరి ఆఫీసు నాస్‌కి క్లౌడ్ బ్యాకప్: రెండేళ్లు వాడాక

2023 డిసెంబరులో మిగ్‌జాం తుఫాను వచ్చినప్పుడు వేళచ్చేరిలో మా మావయ్య ఆఫీసులోకి మోకాళ్ల లోతు నీళ్లొచ్చాయి. ఆయన ఆడిటర్. క్లయింట్ల లెక్కలు, స్కాన్ చేసిన వోచర్లు, రిటర్నులు, వీటితో పాటు మా రెండు కుటుంబాల పెళ్లి వీడియోలు, మొత్తం 1.8 టీబీ ఒక రెండు డిస్కుల సైనాలజీ నాస్‌లో, అంటే ఆఫీసులో అందరూ నెట్‌వర్క్ మీద వాడుకునే ఫైళ్ల డబ్బాలో, ఉండేది. రెండు డిస్కుల్లోనూ ఒకే కాపీ. ఆ నాస్ టేబుల్ కింద నేల నుంచి జానెడు ఎత్తులో ఉండేది, బ్యాకప్ అని చెప్పుకునే యూఎస్‌బీ డిస్కు దాని పక్కనే. ముందురోజు సాయంత్రం వాచ్‌మన్ ఫోన్ చేసి నీళ్లు గేటు దాకా వచ్చాయంటే పరిగెత్తి రెండూ పీకి మేడ మీద టైలరు గదిలో పెట్టి వచ్చాను. ఆ ఫోన్ రాకపోతే అన్నీ పోయేవే.

"రెండు డిస్కులున్నాయి కదరా, ఒకటి పోతే ఇంకోటి ఉంటుంది" అని అప్పటిదాకా మావయ్య ధైర్యం. రెండూ ఒకే డబ్బాలో ఉన్నాయి మావయ్యా, మునిగితే రెండూ కలిసే మునుగుతాయి, ఎవరైనా ఫైలు డిలీట్ చేస్తే అదే క్షణం రెండింట్లోనూ పోతుంది అని ఎన్నిసార్లు చెప్పినా వినలేదు గానీ, నీళ్లు చూశాక మాత్రం "ఏదో ఒకటి చెయ్యి, నెలకెంతో చెప్పు" అన్నారు.

అందరిలాగే నేనూ టీబీకి ఎంత అనే చోటే మొదలుపెట్టాను. నేను చూసిన క్లౌడ్ సర్వీసుల్లో అన్నిటికంటే చవక అమెజాన్ గ్లేసియర్ డీప్ ఆర్కైవ్. కానీ అందులోంచి ఫైలు కావాలంటే అడిగి గంటల తరబడి ఆగాలి, పెట్టినది కనీసం 180 రోజులు ఉంచినట్టే లెక్క, దించుకునేటప్పుడు జీబీకి ఇంత అని మళ్లీ వేరే కట్టాలి. జులై నెలాఖరున రిటర్నులు వేస్తూ ఫైలు రేపు వస్తుంది అంటే మావయ్య నన్ను బతకనివ్వరు. వసాబి అనే ఇంకో కంపెనీలో దించుకోవడానికి ఛార్జీ లేదు, సింగపూర్‌లో డేటా సెంటర్ ఉంది, కాకపోతే 90 రోజుల కనీస నిబంధన, మీ దగ్గర 200 జీబీయే ఉన్నా 1 టీబీకి బిల్లు. బ్యాక్‌బ్లేజ్‌లో ఇంటి కంప్యూటర్లకిచ్చే అన్‌లిమిటెడ్ ప్లాను చూసి ఆశపడకండి, అది నాస్‌ని తీసుకోదు. నాస్‌కి వాళ్లదే బీ2 అనే వేరే సర్వీసు తీసుకోవాలి. దానికి నేను మొదలుపెట్టినప్పుడు నెలకు టీబీకి 6 డాలర్లు, దాచినదానికి మూడింతల దాకా దించుకోవడం ఉచితం. నేను ఆగింది ఇక్కడే. 1.8 టీబీకి దాదాపు 11 డాలర్లు, బ్యాంకు కమీషన్‌తో కలిపి వెయ్యి రూపాయలకు అటూ ఇటూ.

అయితే ఒక చిక్కుంది, ఆడిటర్ ఆఫీసులవాళ్లు ఇది గమనించాలి. కంపెనీలు కంప్యూటర్‌లో ఉంచుకునే లెక్కల పుస్తకాల బ్యాకప్ రోజూ ఇండియాలోనే ఉన్న సర్వర్‌లో ఉండాలని 2022 ఆగస్టులో నిబంధన మారింది. బీ2 సెంటర్లు ఇక్కడ లేవు. అందుకని కంపెనీ క్లయింట్ల టాలీ (లెక్కల సాఫ్ట్‌వేర్) డేటా, 60 జీబీ, విడిగా అమెజాన్ వాళ్ల క్లౌడ్ ఎస్3లో ముంబై సెంటర్‌కి పంపుతున్నాను, నెలకు రెండు డాలర్లు కూడా అవదు. హైదరాబాద్‌లోనూ వాళ్ల సెంటర్ 2022 నుంచి ఉంది, మనవాళ్ల ఊరు కదా అని మనసు లాగింది గానీ అప్పటికే ముంబైకి ఎక్కించేశాను, మళ్లీ మొదలుపెట్టే ఓపిక లేదు.

మొదటిసారి ఎక్కించడం ఒక తంతు. లైను పేరుకి 100 ఎంబీపీఎస్, అప్‌లోడ్ మాత్రం 40 దాటేది కాదు. ఆ లెక్కన 1.8 టీబీకి వంద గంటలు. పగలు నడిపితే ఆఫీసులో నెట్ చచ్చిపోతుంది కాబట్టి రాత్రి 9 నుంచి ఉదయం 7 దాకా, పది రాత్రులు అనుకున్నది కరెంటు పోయి పన్నెండు పట్టింది. మీ ప్లానులో నెలకు 3.3 టీబీ లాంటి పరిమితి ఉంటే అప్‌లోడ్ కూడా అందులోకి వస్తుందేమో ముందే అడగండి, నేను అడగలేదు, నెలాఖరు వారం స్పీడు పడిపోయి అందరి చేతా తిట్లు తిన్నాను.

తర్వాత నేను చేసిన తెలివితక్కువ పనులు రెండు. నాస్ నుంచి క్లౌడ్‌కి పంపేది సైనాలజీ వాళ్ల హైపర్ బ్యాకప్ అనే యాప్. అందులో ఎన్‌క్రిప్షన్ (పాస్‌వర్డ్ లేకుండా ఎవరూ చదవలేకుండా చేయడం) పెడితే ఒక కీ ఫైలు ఇస్తుంది, పాస్‌వర్డ్ మర్చిపోతే అదే దిక్కు. దాన్ని నేను భద్రంగా దాచింది ఎక్కడయ్యా అంటే అదే నాస్‌లో! బీరువా తాళం బీరువాలో పెట్టి మూసినట్టు. నాలుగు నెలలు అలాగే ఉంది. ఇప్పుడు పాస్‌వర్డ్ కాగితం మీద రాసి, కీ ఫైలు పెన్‌డ్రైవ్‌లో వేసి నెల్లూరులో అన్నయ్య బీరువాలో పొలం కాగితాలతో పాటు పెట్టాను. రెండోది, బీ2లో బకెట్ (మన ఫైళ్లు ఉండే చోటు) పెట్టినప్పుడు పాత వెర్షన్లన్నీ ఉంచమనే సెట్టింగు మార్చకుండా వదిలేశాను. పాత వెర్షన్లను హైపర్ బ్యాకప్ తీసేస్తున్నా అక్కడ అవి దాక్కుని ఉండిపోతాయి, బిల్లు పెరుగుతూ పోతుంది. ఆఖరి వెర్షన్ మాత్రమే ఉంచు అని మార్చాక దారిలో పడింది. ఎన్ని రోజుల వెనక్కి వెళ్లాలో హైపర్ బ్యాకప్ చూసుకుంటుంది, రెండు చోట్లా ఆ పని అక్కర్లేదు. ఇంకో మాట, క్లౌడ్ సింక్ అనే యాప్ పెట్టుకుని బ్యాకప్ అయిపోయిందనుకునేవాళ్లున్నారు. రెండు వైపులా సింక్ పెడితే ఇక్కడ చెరిపింది అక్కడా చెరిగిపోతుంది.

అసలు పరీక్ష నిరుడు వచ్చింది. టాలీలో ఒక్కో కంపెనీ డేటా 10007 లాంటి అంకెల పేరుతో ఒక ఫోల్డరు. కొత్తగా చేరిన కుర్రాడు ఒక క్లయింట్ పాత డేటా తెచ్చి 10007 మీదే పేస్ట్ చేశాడు, మూడు వారాల తర్వాత గానీ ఎవరూ చూడలేదు. ఆ యూఎస్‌బీ డిస్కులో ఉన్నది నిన్నటి కాపీ, అంటే అదీ పాడైనదే. నేను ఇంట్లో లాప్‌టాప్‌లో క్లౌడ్‌లోని హైపర్ బ్యాకప్ కాపీ తెరిచి, తేదీల గీత మీద మూడు వారాలు దాటి వెనక్కి జరిపి ఆ ఒక్క ఫోల్డరు దించాను. పావుగంట. మావయ్య ఫోన్లో లైన్‌లోనే ఉన్నారు, "వచ్చిందా, వచ్చిందా" అంటూ. మధ్యలో మూడు వారాల ఎంట్రీలు మళ్లీ కొట్టుకోవాల్సి వచ్చింది అనుకోండి, అది ఆ కుర్రాడే కూర్చుని కొట్టాడు.

విసుగు పుట్టించేది డబ్బు కట్టడం. బ్యాంకు కార్డు మార్చింది, పాత నంబరు మీద ఆటో పేమెంట్ ఆగింది, హెచ్చరిక మెయిళ్లు ప్రమోషన్ల ట్యాబ్‌లో చీరల ఆఫర్ల మధ్య పడి ఉన్నాయి. అప్పటి నుంచి ప్రతి నెలా 5న ఫోన్లో రిమైండర్, బిల్లు కట్టిందో లేదో చూసి, ఏదో ఒక ఫైలు దించి తెరిచి చూస్తాను.

క్లౌడ్ ఉన్నా పాత పద్ధతి వదల్లేదు. దసరాకీ సంక్రాంతికీ నెల్లూరు వెళ్లేటప్పుడు పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో నా బ్యాగులో ఒక 4 టీబీ డిస్కు వస్తుంది, అక్కడున్నది తిరుగు ప్రయాణంలో చెన్నై చేరుతుంది. మొత్తం పోతే ముందు దాన్నే తెప్పిస్తాను, మిగతాది క్లౌడ్ నుంచి. పోయిన సంక్రాంతికి డిస్కు అరిసెల డబ్బా కింద పెట్టి తెచ్చాను, నూనె కేబుల్‌కి మాత్రమే అంటింది.