థార్‌లో ఒంటరిగా బైక్ మీద: సొంత బండా, రైల్లో వేసిన బండా, అద్దె బండా?

జైసల్మేర్ నుంచి రాంగఢ్ మీదుగా పాకిస్తాన్ సరిహద్దు దగ్గరి తనోట్, అక్కడి నుంచి లోంగేవాలా, మళ్లీ రాంగఢ్ చేరుకుని జైసల్మేర్. ఈ చుట్టు సుమారు 270 కిలోమీటర్లు. దారంతా తారు రోడ్డే. తనోట్, లోంగేవాలా దాకా మన పౌరులకు ప్రత్యేక అనుమతి అక్కర్లేదు. (విదేశీ పాస్‌పోర్టు ఉన్న మనవాళ్లు మాత్రం ముందుగా జైసల్మేర్ కలెక్టరేట్‌లో అడిగి కదలాలి.) చిక్కంతా రాంగఢ్ దాటాకే. అక్కడి నుంచి నమ్ముకోదగ్గ బంకు లేదు, మెకానిక్ లేడు, చాలా మేర సిగ్నల్ ఉండదు. అందుకే ఏ బండి మేలన్న ప్రశ్నకు డబ్బు లెక్క సగం జవాబే ఇస్తుంది. బండి ఆగిపోతే మీరొక్కరే ఏం చేయగలరన్నది మిగతా సగం.

ముందు డబ్బు సంగతి చూద్దాం. హైదరాబాద్ నుంచి అహ్మదాబాద్ మీదుగా జైసల్మేర్ సుమారు 1,700 కిలోమీటర్లు. లీటరుకు 45 ఇచ్చే 150 సీసీ బండికి రానూపోనూ 75 లీటర్లు పడుతుంది. లీటరు 105 లెక్కన దాదాపు 7,900 రూపాయలు. రోజుకు 550 నుంచి 600 కిలోమీటర్లు తోలితే ఒకవైపుకు మూడు రోజులు, అంటే దారిలో మొత్తం నాలుగు రాత్రుల బస. రాత్రికి 800 వేసుకున్నా 3,200. ఇంజిన్ ఆయిల్, చైన్, టైర్ల అరుగుదల కలిపితే ఎడారి మొహం చూడకముందే 12 వేలు దాటుతుంది, ఆరు రోజుల సెలవూ కరుగుతుంది.

అదే రైల్లో వెళ్తే జోధ్‌పూర్ దాకా స్లీపర్ టికెట్లు, అక్కడి నుంచి జైసల్మేర్ ప్రయాణం కలిపి రానూపోనూ 2,600 అనుకోండి. అద్దె రోజుకు 1,200 వేసుకుంటే నాలుగు రోజులకు 4,800. మొత్తం 7,400. ఈ లెక్క ప్రకారం ఎనిమిది రోజులకు మించి ఎడారిలో తిరిగితేనే సొంత బండి గిట్టుబాటు. అద్దెలు సీజన్‌ను బట్టి మారతాయి, క్రిస్మస్ నుంచి సంక్రాంతి దాకా బేరాలు సాగవు. కాబట్టి మీరు మాట్లాడుకున్న రేటుతో లెక్క మళ్లీ వేసుకోండి.

ఇక బండిని రైల్లో వేయడం. చాలామందికి ఇది తెలివైన మధ్యేమార్గంలా కనిపిస్తుంది. మా లెక్కలో మూడింట్లో తలనొప్పి ఎక్కువ ఇందులోనే. మీ టికెట్ మీద లగేజీగా వేయొచ్చు, టికెట్‌తో పని లేకుండా పార్సిల్‌గానూ పంపొచ్చు. ఆర్‌సీ, ఇన్సూరెన్స్, ఆధార్ నకళ్లు పట్టుకెళ్లాలి. ట్యాంకులో పెట్రోలు పూర్తిగా తీసేయాలి. హ్యాండిల్, హెడ్‌లైటు, ట్యాంకు గోనెపట్టతో చుట్టించి, పేరు, ఫోన్ నంబరు, ఎక్కే స్టేషన్, దిగే స్టేషన్ అట్టముక్క మీద పెద్దక్షరాలతో రాసి కట్టాలి. అద్దాలు విప్పి మీ బ్యాగులో పెట్టుకోండి, అక్కడే వదిలితే విరుగుతాయి. ఇంత చేసినా బ్రేక్ వ్యాన్‌లో (సామాను వేసే బోగీలో) చోటు లేకపోతే మీరు ముందు చేరతారు, బండి ఏ మర్నాడో చేరుతుంది. ఈలోగా జోధ్‌పూర్‌లో గది అద్దె మీదే. బండి వచ్చాక క్లచ్ లివర్, బ్రేక్ లివర్ వంగాయేమో చూసుకోవాలి. ఎండిన ట్యాంకుతో బంకు దాకా తోసుకుంటూ పోవాలి, దగ్గర్లోని బంకు ఎటుందో ముందే కనుక్కోండి.

ఈ పద్ధతి పనికొచ్చే సందర్భం ఒకటుంది. పోయేటప్పుడు బండి మీద గుజరాత్, కచ్, బాడ్‌మేర్ చూసుకుంటూ పోయి, వచ్చేటప్పుడు బండిని రైలెక్కించడం. అప్పుడు బండి రెండు రోజులు ఆలస్యమైనా నష్టం లేదు, మీరు ఇంట్లో ఉంటారు.

కాబట్టి వారం సెలవు, తక్కువ డబ్బు, ఒంటరి ప్రయాణం అయితే అద్దె బండే మేలు. అయితే ఏ బండి పడితే అది కాదు. నంబరు ప్లేటు నల్లగా ఉండి, దాని మీద పసుపు అక్షరాలుంటేనే అది చట్టప్రకారం అద్దెకిచ్చే బండి. తెల్ల ప్లేటు బండి చవగ్గా వస్తుంది, ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ చేతులెత్తేస్తుంది. తనోట్, లోంగేవాలా వెళ్తున్నానని చెప్పి, అందుకు ఒప్పుకున్నట్టు వాట్సాప్‌లో రాయించుకోండి. రోజుకు ఎన్ని కిలోమీటర్ల పరిమితి, దారిలో చెడిపోతే తెచ్చే ఖర్చు ఎవరిదన్నదీ అందులోనే తేల్చుకోండి. లైసెన్సు ఒరిజినల్ వాళ్ల దగ్గర వదలొద్దు. సరిహద్దు దారిలో తనిఖీ ఉంటుంది, సిగ్నల్ లేనిచోట డిజిలాకర్ తెరుచుకోదు.

బండి ఎంపికలో అందరి చూపూ బుల్లెట్ మీదే. ఫొటోకు బాగుంటుంది. కానీ రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 బరువు 195 కిలోలు. ఇసుకలో పక్కకు ఒరిగితే సామానుతో సహా ఒక్కరు లేపడం తేలిక కాదు. 2021లో వచ్చిన కొత్త మోడల్‌కు కిక్ కూడా లేదు. బ్యాటరీ దిగితే తోసి స్టార్ట్ చేయాలి, ఇసుక మీద అది అయ్యే పని కాదు. స్ప్లెండర్ లాంటి బండి సుమారు 112 కిలోలు, కిక్ ఉంటుంది, 9.8 లీటర్ల ట్యాంకుతో 500 కిలోమీటర్లు దాటుతుంది. యాక్టివా ట్యాంకు 5.3 లీటర్లే. లీటరుకు 45 వచ్చినా 240 దాటదు కాబట్టి ఆ చుట్టు పూర్తి కాదు. రాంగఢ్‌లో వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ నింపుకుంటే నెట్టుకురావచ్చు, కానీ చిన్న చక్రాలు ఇసుకలో దిగబడతాయి. బరువు, వేగం, వీపు నొప్పి అన్నీ తూస్తే 125 నుంచి 160 సీసీ బండి సరైన ఎంపిక. బుల్లెట్టే కావాలంటే అల్లాయ్ చక్రాలు, ట్యూబ్‌లెస్ టైర్లున్నది అడగండి.

ఎందుకంటే, ఒంటరిగా ఉన్నప్పుడు తేడా తెచ్చేది టైరే. ట్యూబ్‌లెస్ అయితే మేకు పీకి, రంధ్రాన్ని ఆకురాయి సూదితో గరుకు చేసి, జిగురు పట్టీ దూర్చి గాలి కొడితే పది నిమిషాల పని. స్పోక్ చక్రం, ట్యూబ్ అయితే చక్రం విప్పాలి, టైరు లివర్లు కావాలి, చేతికి అలవాటు కావాలి. టైరు మీద ట్యూబ్‌లెస్ అని ఉన్నా నమ్మొద్దు. గాలి కొట్టే వాల్వు మరలున్న ఇనుప గొట్టమై, రిమ్ము దగ్గర నట్టు ఉంటే లోపల ట్యూబ్ వేసి ఉండొచ్చు. నేరుగా అడిగి తెలుసుకోండి.

పంక్చర్ కిట్, చిన్న పంపు, అదే మోడల్ క్లచ్ వైరు, స్పార్క్ ప్లగ్, రెండు ఫ్యూజులు, ఐదు లీటర్ల నీళ్లు చాలు. క్లచ్ వైరు సంచిలో పెట్టేకంటే పాతదాని పక్కనే దారి పట్టించి టేపుతో కట్టి ఉంచడం మంచిది. తెగితే రెండు చివర్లు తగిలిస్తే అయిపోతుంది. చైన్‌కు జిడ్డుగా ఆయిల్ పోయకండి, ఇసుక అంటుకుని పళ్లను అరగదీస్తుంది. గుడ్డతో తుడిచి పల్చగా వేస్తే సరి.

లోంగేవాలా వైపు గాలికి ఇసుక రోడ్డు మీదికి నాలుకల్లా పాకి ఉంటుంది. దాని మీదికి ఎక్కాక బ్రేకు వేస్తే ముందు చక్రం జారుతుంది. వేగం అంతకుముందే తగ్గించి, ఒంటి బరువు వెనక్కి వేసి, యాక్సిలరేటర్ ఒకే తీరున పట్టుకుని, హ్యాండిల్ బిగించకుండా దాటాలి. రోడ్డు దిగి తిన్నెల మీదికి పోవడం తోడున్నప్పుడు చేసే పని.

వెళ్లేది నవంబరు, ఫిబ్రవరి మధ్యలోనే. డిసెంబరులో అక్కడ పొద్దు పొడిచేసరికి ఏడుంబావు అవుతుంది, హైదరాబాద్ కంటే అరగంటకు పైగా ఆలస్యం. కాబట్టి ఆరింటికి చీకట్లో బయల్దేరకుండా ఎనిమిదికి కదలండి. రాంగఢ్‌లో ట్యాంకు నింపి, పదకొండుకు తనోట్, ఒంటిగంటకు లోంగేవాలా, నాలుగుకు జైసల్మేర్. ఆ నెలలో సాయంత్రం ఆరు కాకుండానే పొద్దు గుంకుతుంది. రోడ్డు మీద నిలబడ్డ ఒంటెకు హెడ్‌లైటు వెలుగులో కాళ్లు మాత్రమే కనిపిస్తాయి, అవీ బాగా దగ్గరికొచ్చాక.