రేణిగుంట–హైదరాబాద్ ఉదయపు విమానం: ఆపినందుకు మెచ్చుకోలు, చెప్పనందుకు ఫిర్యాదు

గత నెలలో నా భార్య కంటి పరీక్ష కోసం రేణిగుంట నుంచి హైదరాబాద్‌కు ఒక ప్రైవేటు సంస్థ విమానంలో టికెట్లు తీసుకున్నాము. భద్రతా తనిఖీ ముగించుకుని గరుడ టెర్మినల్‌లో దాదాపు మూడు గంటలు కూర్చున్న తరువాత, సాంకేతిక కారణాల వల్ల విమానం రద్దయిందని ప్రకటించారు. దర్శనం చేసుకుని లడ్డూ సంచులతో తిరుగు ప్రయాణానికి వచ్చిన కుటుంబాలు కౌంటరు ముందు గుమిగూడి ఎంత అడిగినా, అక్కడున్న అమ్మాయి ఆ ఒక్క మాటే మళ్లీ మళ్లీ చెప్పింది.

అసలు సంగతి తెలిసింది గేటు దగ్గరికి వచ్చిన ఇంజనీరు ద్వారా. నేను తిరుపతి క్యారేజ్ రిపేర్ షాపులో పనిచేసి పదవీ విరమణ చేసినవాడినని చెప్పగానే ఆయన ఆగి, "కుడివైపు ల్యాండింగ్ గేర్ పిస్టన్ మీద తుప్పు గుంటలు పడ్డాయి సార్, నూనె కారుతోంది, ఈ స్థితిలో పంపలేము" అన్నారు. ల్యాండింగ్ గేర్ అంటే చక్రాలను మోసే విమానపు కాలు. ఆయన మాట వినగానే నాకు కోపం పోయింది.

రైలు పెట్టెలో తుప్పు ఎక్కడ పడుతుందో మా షాపులో అందరికీ తెలుసు. మరుగుదొడ్డి కింద, తలుపుల దగ్గర, నీరు చేరి నిలిచే చోట, పైన రంగు నిగనిగలాడుతుండగానే లోపలి రేకు పొరలు పొరలుగా ఊడిపోతుంది. అయితే అది నెలల తరబడి పలచబడుతుంది కాబట్టి పట్టుకోవడానికి వ్యవధి ఉంటుంది. ల్యాండింగ్ గేర్‌కు వాడే అత్యంత దృఢమైన ఉక్కు అలాంటిది కాదు. అది ఎంత బలమైనదో గాట్లకు అంత సున్నితమైనది. కాడ్మియం, క్రోమియం పూతలు ఒకచోట దెబ్బతిని తేమ తగిలిందంటే, చిన్న గుంట దగ్గర మొదలైన వెంట్రుకంత పగులు లోపలి ఒత్తిడికి పెరుగుతూ పోయి, విమానం ఏదో ఒకసారి దిగేటప్పుడు భాగమంతా ఒక్కసారిగా విరిగిపోవచ్చు. నైట్రోజన్, నూనె కలిసి కుదుపును మింగే ఆ గేర్ స్తంభంలో, పైకీ కిందికీ జారుతూ అద్దంలా మెరవవలసిన పిస్టన్ మీద గుంటలు పడితే సీళ్లు చిరుగుతాయి, నూనె కారిపోతుంది, అప్పుడు నేలను తాకిన దెబ్బ నేరుగా లోహం మీదే పడుతుంది.

2007 సెప్టెంబరులో డెన్మార్క్‌లోని ఆల్బోర్గ్‌లోనూ, మూడు రోజులకే లిథువేనియాలోని విల్నియస్‌లోనూ స్కాండినేవియన్ విమాన సంస్థకు చెందిన రెండు క్యూ400 రకం చిన్న విమానాల కుడి గేర్లు దిగేటప్పుడు కూలిపోయాయి. గేర్‌ను పైకి లాగే యాక్చుయేటర్ అనే పరికరంలో కడ్డీ చివరి మర గాడులు తుప్పు పట్టి, ఆ చివర ఊడిపోవడమే అందుకు మూలమని దర్యాప్తులో తేలింది. బయటి నుంచి కంటికి కనబడని గాడులవి. ఎవరూ చనిపోలేదు. ఆ వెంటనే 10,000 కంటే ఎక్కువసార్లు దిగిన ఆ రకం విమానాలను తనిఖీ చేసే వరకు ఎగరనీయవద్దని తయారీదారు సూచించింది.

గేర్ వయసును ఏళ్లతో పాటు దిగిన లెక్కతోనూ కొలుస్తారు. మన ఊరికి వచ్చే చిన్న విమానాలు తక్కువ దూరాలు తిరుగుతూ రోజుకు ఎన్నోసార్లు దిగుతాయి కాబట్టి ఆ లెక్క త్వరగా పెరుగుతుంది. పూర్తి మరమ్మతులో పాత పూతలు తీసి, అయస్కాంత పరీక్షతో పగుళ్లు వెతికి, మళ్లీ పూత వేసి, పూత వేసేటప్పుడు ఉక్కులో చేరిన హైడ్రోజన్ పోయేలా గంటల తరబడి కొలిమిలో ఉంచుతారు. ఇరుసులను పరీక్షించిన మా వాళ్లకు ఇందులో ఓపిక విలువ ఏమిటో చెప్పనక్కరలేదు.

కాబట్టి విమానాన్ని ఆపిన ఇంజనీరుకు నేను నిండు మనసుతో ఐదుకు ఐదు ఇస్తాను. ప్రయాణికుల పట్ల సంస్థ తీరుకు మాత్రం రెండే. మాలాంటి తక్కువ వ్యవధి విమానం రెండు గంటలు ఆలస్యమైతే ఫలహారం ఇవ్వాలని నిబంధన ఉన్నా, మధుమేహం ఉన్న నా భార్య కోసం నేను రెండుసార్లు అడిగాకే ఒక ఉప్మా పొట్లం వచ్చింది. చక్రాల దగ్గర లోపం కనబడింది, అందుకే ఆపాము అని తెలుగులో ఒక్క వాక్యం మైకులో చెప్పి ఉంటే అక్కడ సగం గొడవ జరిగేది కాదు. మేము సాయంత్రం నారాయణాద్రి రైల్లో బయలుదేరాము. టికెట్ డబ్బు ఎనిమిదో రోజున పూర్తిగా తిరిగి వచ్చింది. వచ్చే నెల రెండో పరీక్షకు మళ్లీ అదే ఉదయపు విమానానికి టికెట్లు తీసుకున్నాను.