గుండు మల్లె కత్తిరింపు: కొన్నేళ్ల అనుభవంతో నా మాట

మల్లెకు ఎండ, నీరు, ఎరువు ఎంత కావాలో అందరికీ తెలిసిందే. నేను చెప్పాలనుకున్నది కత్తిరింపు గురించే. మా పెరట్లో గుండు మల్లె ఎప్పటి నుంచో ఉన్నా, కత్తిరించడం మొదలుపెట్టాకే దాని అసలు పూత చూశాను.

అంతకుముందు కొమ్మలు గోడ దాకా సాగి, పైనెక్కడో నాలుగు పూలు పూసేవి. మల్లె పూసేది కొత్త చిగురు కొసన. పాత కొమ్మ ఎంత సాగితే ఏం లాభం? అందుకే నవంబరు చివర్లో నీళ్లు ఆపేస్తాను. పొద కాస్త వాడాక, డిసెంబరులో మోకాలెత్తున, అంటే నేల నుంచి 45–50 సెంటీమీటర్ల దగ్గర కొమ్మలన్నీ కత్తిరించి, మిగిలిన ఆకులు దూసేస్తాను. ఎండు పుల్లలు మొదలంటా తీసేయాలి. తర్వాత పాదు తవ్వి, బాగా మాగిన పశువుల ఎరువు వేసి నీళ్లు పెట్టడమే.

మొదటిసారి ఇలా చేసినప్పుడు మా అత్తయ్య చాలా బాధపడ్డారు. "పచ్చటి చెట్టును మోడు చేశావేమే అమ్మాయీ" అన్నారు. చిగుళ్లు కనిపించేదాకా నాకూ టెన్షనే. సంక్రాంతి దాటాక కణుపు కణుపుకీ చిగురు పుట్టింది. ఉగాది నాటికి ప్రతి చిగురు కొసనా గుత్తులుగా మొగ్గలు! సాయంత్రం కాగానే అత్తయ్యే గిన్నె పట్టుకుని పెరట్లోకి వెళ్లేవారు. దేవుడికి, మా జడలకి పోగా పక్కింటికి కూడా పంపేవాళ్లం.

అయితే ఆ జోరు చివరిదాకా ఉండదు. పూత అయిన కొసలు తుంచితే మళ్లీ చిగుర్లు వేసి పూస్తుంది కానీ, మా దగ్గర రెండో విడత ఎప్పుడూ పలచనే. ఒక ఏడాది మొగ్గ తొలిచే పురుగు పట్టి, మొగ్గలు ఊదా రంగుకు తిరిగి విచ్చుకోకుండానే రాలాయి. కత్తిరింపు దానికి మందు కాదు. పాడైన మొగ్గలు ఏరి పారేసి, వేపనూనె కొడుతూ ఉండాల్సి వచ్చింది. యూరియా జోలికి మాత్రం పోను, ఆకు విపరీతంగా పెరిగి పూత తగ్గుతుంది.

మాది నీరు నిలవని నేల, పొద్దున్నుంచి మధ్యాహ్నం దాటేదాకా ఎండ. మా చెల్లెలి బాల్కనీ కుండీలో ఇలాగే కత్తిరిస్తే చిగురు బాగానే వచ్చింది, పూలు కొద్దిగానే పూశాయి. అక్కడ ఎండ కాసేపే. కాబట్టి ఫ్లాట్లలో ఉండేవాళ్లకు నేను గట్టిగా చెప్పలేను. నిరుడు నాటిన లేత మొక్కనైతే ఇంత కిందికి కొట్టొద్దు, కొసలు తుంచితే చాలు. పెరట్లో ముదురు పొద ఉండి, ఎండ బాగా తగిలితే ఈ డిసెంబరులో కటర్ తీయండి.