జెండా పాట గొంతుకు క్వయర్ క్లాసు: ఐదుకు నాలుగు చుక్కలు

నేను వరంగల్ ఎనుమాముల వ్యవసాయ మార్కెట్లో ఒక అడ్తి (కమీషన్ వ్యాపారి) దుకాణంలో గుమస్తాను. వారమంతా పొద్దున జెండా పాట, అంటే సరుకు వేలం కేకలు; శనివారం సాయంత్రం కాజీపేటలో మా చర్చి క్వయర్ పాట. రెంటికీ ఉన్నది ఒకటే గొంతు. ఇరవై ఏళ్లుగా బేస్ (క్వయర్లో మగవాళ్లు పాడే అన్నిటికంటే కింది గొంతు రాగం) పాడుతున్నాననే అనుకున్నాను. ఈ క్లాసుకు పోయాక తెలిసింది, నేను చేస్తున్నది ఆడవాళ్ల రాగాన్నే ఒక స్థాయి కిందికి దించి అరవడమని.

హనుమకొండలో, కింద ఫంక్షన్ హాలు ఉన్న బిల్డింగ్ మూడో అంతస్తులో క్లాసు. ఆదివారం సాయంత్రాలు, మొత్తం ఎనిమిది. ఫీజు 2,400. లిఫ్ట్ లేదు, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ముందే చూసుకోండి.

మోకాళ్లంటే గుర్తొచ్చింది. మొదటి రోజు సార్ పాట ముట్టనే లేదు. అందరినీ నిలబెట్టి మోకాళ్లు బిగబట్టొద్దు, కొంచెం వదులుగా ఉంచండి అన్నారు. బిగబట్టి చాలాసేపు కదలకుండా నిలబడితే కళ్లు తిరిగి పడిపోవచ్చట. పోయిన క్రిస్మస్ రాత్రి మా వాళ్లలో ఒకాయన పాట మధ్యలో కూలబడితే ఉపవాసం వల్ల అనుకున్నాం. ఇప్పుడు నాకు అనుమానమే.

రెండో క్లాసులో నాకు అక్షింతలు పడ్డాయి. "పక్కనున్న అన్న గొంతు మీకు వినబడుతోందా?" అని అడిగారు. లేదన్నాను. "అయితే మీరు ఎక్కువ పాడుతున్నట్టు" అని, ఒక చరణమంతా నన్ను నోరు మూసుకొని వినమన్నారు. కాంటా దగ్గర హమాలీలను కేకేసే మనిషిని, ఊరుకోవడం అంత కష్టమని అప్పటిదాకా తెలియదు. కానీ ఆ చరణంలోనే మొదటిసారి బేస్ రాగం విడిగా నా చెవిన పడింది.

అన్నిటికంటే నాకు నచ్చింది మాటల చివర్ల మీద చేయించిన పని. ఇంగ్లిష్ పాటకు చివరి టీ, ఎస్ అందరూ ఒకేసారి పలకాలని నేర్పుతారు. మన తెలుగులో దాదాపు ప్రతి మాటా అచ్చుతోనే ముగుస్తుంది కాబట్టి మన తిప్పలు వేరు. "దేవుడు" అనే ఒక్క మాట తీసుకోండి. మాలో ఒకరు "డు"ను చటుక్కున తుంచేస్తారు, ఒకరు "డూ" అని సాగదీస్తారు, వెనక వరుసలో ఇంకెవరో "డో" చేస్తారు. వినేవాళ్లకు తోక పీకిన పాటలా ఉంటుంది. సార్ వేళ్లతో లెక్క పెట్టి, మూడో వేలు ముడిచినప్పుడు అందరి నోళ్లూ ఆగాలన్నారు. గంటసేపు ఆ ఒక్క "డు" తోనే సరిపోయింది. విసుగొచ్చింది, నిజమే. చివర్లో పద్దెనిమిది మందిమి ఒకే మనిషిలా ఆగితే గదిలో ఫ్యాను చప్పుడు వినబడింది. "స" సంగతీ అంతే. అందరం గట్టిగా పలికితే కుక్కర్ విజిలే, తేలిగ్గా అని వెంటనే అచ్చులోకి జారిపోవాలి.

ఊపిరి విషయం చిన్నదే గానీ మాకు ఎవరూ చెప్పలేదు. పొడుగు స్వరంలో అందరూ ఒకేచోట ఊపిరి తీసుకుంటే గుంత పడుతుంది. పక్కవాళ్లతో ముందే మాట్లాడుకొని తలా ఒకచోట తీసుకోవాలి, మెల్లగా తప్పుకొని మెల్లగా కలవాలి. నా పుస్తకంలో ఇప్పుడు ఊపిరి తీసుకోవాల్సిన చోటల్లా పెన్సిల్ సున్నాలే సున్నాలు.

ఇక గొంతు. ఫిబ్రవరి, మార్చిలో తేజ రకం మిర్చి బస్తాలు విప్పితే యార్డులో ఘాటు ఎట్లా ఉంటుందో వరంగల్ వాళ్లకు చెప్పక్కర్లేదు. నాకు నిమిషానికోసారి గొంతు సవరించుకునే అలవాటు. అలా ఖళ్‌మన్నప్పుడల్లా స్వరతంత్రులు ఒకదానికొకటి గట్టిగా కొట్టుకుంటాయట, ఉమ్మి మింగండి, లేదా ఒక గుక్క నీళ్లు తాగండి అన్నారు. నీళ్లు కూడా పాడే ముందు గటగటా తాగితే లాభం లేదు. మింగిన నీళ్లు స్వరతంత్రులను తాకవు, అన్నవాహికలోకి పోతాయి. పొద్దుటి నుంచే కొంచెం కొంచెం తాగాలి. తడి నేరుగా తగలాలంటే ఆవిరి పట్టాలి. సీసాలో సగం నీళ్లు పోసి, స్ట్రా ముంచి, బుడగలు వచ్చేలా "ఊ" అంటూ కిందికీ పైకీ పోవడం ఇంకో సాధన. దుకాణంలో చేస్తే హమాలీలు నవ్వారు. నవ్వనీ, సాయంత్రానికి గొంతు బొంగురుపోవడం తగ్గింది.

ప్రాక్టీసుకు ముందు చౌరస్తాలో మిర్చి బజ్జీలు తినడం, రాత్రి పదిన్నరకు అన్నం తిని వెంటనే పడుకోవడం కూడా మానుకొమ్మన్నారు. పులితేన్పులు గొంతుదాకా వచ్చి మంట పెడతాయట. రెండోది మానేశాను.

లోపాలు కూడా చెప్పాలి. పెళ్లిళ్ల సీజన్లో కింద డీజే మొదలైతే పైన క్లాసు లేనట్టే, రెండు ఆదివారాలు అట్లనే పోయాయి. సోప్రానో (ఆడవాళ్ల పై గొంతు) పాడే అక్కలకు ముప్పావు గంట, బేస్ వాళ్లకు మిగిలింది పది నిమిషాలు. ఎప్పుడూ ఇరవై నిమిషాలు ఆలస్యం. పైగా చివర్లో 350 రూపాయలకు ఏదో గొంతు కషాయం సీసా అంటగట్టబోయారు. నేను తీసుకోలేదు.

ఫలితం అడిగితే, పోయిన శనివారం కీబోర్డు లేకుండా నాలుగు చరణాలు పాడి ఫోన్లో రికార్డు చేశాం. ఇదివరకు చివరికి వచ్చేసరికి శ్రుతి అర స్వరం దిగిపోయేది. ఈసారి కీబోర్డు నొక్కి చూస్తే మొదలుపెట్టిన చోటే ఉంది.

వచ్చే బ్యాచ్‌కు డబ్బు కట్టాను, ఈసారి మా వదినను కూడా తీసుకుపోతున్నాను. గొంతు బంగారమే గానీ పక్కవాళ్లను వినబడనివ్వదు. ఆ మాట సార్ నోటి నుంచే రావాలి. నేనంటే ఆదివారం బిర్యానీ ఉండదు.