బేగంబజార్ చిట్టా నుంచి టాలీప్రైమ్‌కి: హోల్‌సేల్ సరుకు లెక్కకు ఇది ఎంత పనికొస్తుంది

హైదరాబాద్ జంటనగరాల్లోని బేగంబజార్, ఉస్మాన్‌గంజ్, రాణిగంజ్‌లలో కంప్యూటర్ లేని హోల్‌సేల్ దుకాణం ఇప్పుడు వెతికితే గానీ దొరకదు. చాలావాటిలో లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్ టాలీ కూడా ఉంటుంది. అయినా కాటేదాన్ గోదాంలో పంచదార ఎన్ని బస్తాలుందని అడిగితే గుమస్తా సొరుగులోంచి రిజిస్టరే తీస్తాడు. బిల్లు కొట్టడానికీ, జీఎస్‌టీ రిటర్నుకీ టాలీ కొన్నారు, సరుకు లెక్క కాగితం మీదే ఉండిపోయింది. ఈ సమీక్ష ఆ మిగిలిపోయిన సగం గురించే: కిరాణా, పప్పులు, సబ్బులు, హార్డ్‌వేర్ లాంటి సరుకు అమ్మే హోల్‌సేల్ దుకాణం స్టాక్ రిజిస్టర్‌ని మూసేసి టాలీప్రైమ్ మీద ఆధారపడవచ్చా?

ఆధారపడవచ్చు. సరుకు లెక్కకు కావలసిన పనిముట్లన్నీ ఇందులో ఉన్నాయి. అయితే చాలా దుకాణాల్లో వాటిని ఆన్ కూడా చేయరు, చేసినా గోదాం తలుపు దగ్గర చీటీ పద్ధతి మార్చరు. అక్కడ మారకపోతే ఏ సాఫ్ట్‌వేర్ కొన్నా ఒకటే.

ముందు లైసెన్స్ సంగతి. పాత టాలీ ఈఆర్‌పీ 9 స్థానంలో 2020 చివర్లో టాలీప్రైమ్ వచ్చింది. ఒక్క కంప్యూటర్‌కైతే సిల్వర్, ఒకే నెట్‌వర్క్‌లో ఎన్ని కంప్యూటర్లకైనా గోల్డ్. గోల్డ్ ధర సిల్వర్‌కి మూడు రెట్లు. కౌంటర్ దగ్గర ఒకరు బిల్లు కొడుతుంటే వెనక గదిలో ఇంకొకరు కొనుగోళ్లు ఎక్కించాలంటే గోల్డ్ తప్పదు. సిల్వర్‌తో సర్దుకునే చోట కొనుగోలు బిల్లులు సాయంత్రానికి వాయిదా పడతాయి, దానివల్ల వచ్చే తంటా కింద చెబుతాను. లైసెన్స్‌తో పాటు ఒక ఏడాది టీఎస్‌ఎస్ (టాలీ సాఫ్ట్‌వేర్ సర్వీసెస్ అనే చందా) వస్తుంది. తర్వాత దాన్ని కొనసాగించకపోయినా సాఫ్ట్‌వేర్ ఆగదు గానీ కొత్త రిలీజులు, ఇంటి నుంచి బ్రౌజర్‌లో రిపోర్టులు చూసుకునే వీలు పోతాయి. జీఎస్‌టీ నిబంధనలు ఇంత తరచుగా మారుతుంటే ఆ డబ్బు మిగుల్చుకోవాలనుకోవడం తప్పుడు పొదుపే.

ఇక అసలు పని సరుకుల పేర్లతో మొదలవుతుంది. చాలా దుకాణాల లెక్క ఇక్కడే చెడుతుంది. ఒకరు కందిపప్పు అని, ఇంకొకరు తూర్ దాల్ అని, మూడో మనిషి టూర్ దాల్ అని స్టాక్ ఐటమ్ తెరుస్తారు. ఒకే సరుకు మూడు చోట్లకు చీలిపోతుంది, ఒకదానిలో మైనస్, ఇంకొకదానిలో అమ్ముడుపోని నిల్వ కనబడతాయి. లావాదేవీ జరిగిన ఐటమ్‌ని తొలగించడం కుదరదు. తప్పు పేరు కిందున్న నిల్వను స్టాక్ జర్నల్‌తో (అంటే నిల్వను మార్చే ఎంట్రీతో) సరైన పేరుకి మార్చుకోవాల్సిందే. అందుకే ముందు పేరు కట్టే వరుస ఒకటి ఖాయం చేసుకోవాలి: సరుకు, రకం లేదా బ్రాండ్, సైజు, ప్యాకింగ్. గోదాంలో హమాలీలు పిలిచే పేరు, కంపెనీ కోడ్ వంటివన్నీ అదే ఐటమ్ కింద ఏలియాస్‌లుగా, అంటే మారుపేర్లుగా పెట్టవచ్చు, ఎన్నయినా. కొత్త ఐటమ్ తెరిచే అనుమతి యూజర్ హక్కుల్లో ఒక్కరికే ఇవ్వండి.

పేర్లలో జీఎస్‌టీ మెలిక ఒకటుంది. ప్యాక్ చేసి లేబుల్ వేసిన పప్పులు, బియ్యం, పిండి వంటివి 25 కిలోల వరకు 5 శాతం పన్ను పరిధిలోకి వస్తాయి. 25 కిలోలు దాటిన బస్తాకు పన్ను లేదు. కాబట్టి 25 కిలోల కందిపప్పు, 50 కిలోల కందిపప్పు ఒకే మిల్లువైనా రెండు ఐటమ్‌లుగానే ఉండాలి. ఒకటే ఐటమ్ పెట్టి బిల్లు దగ్గర పన్ను చేత్తో మారుస్తుంటే ఎప్పుడో ఒకప్పుడు రిటర్నులో తేడా పడుతుంది. హెచ్‌ఎస్‌ఎన్ కోడ్ (పన్ను కోసం సరుకు రకాన్ని గుర్తించే సంఖ్య) టర్నోవర్ 5 కోట్ల వరకు 4 అంకెలు, దాటితే 6 అంకెలు. మొదటిరోజే 6 అంకెలు వేసుకుంటే మళ్లీ కెలకనక్కర్లేదు.

కొలతల దగ్గర టాలీ బాగా ఆలోచించింది. బస్తా అంటే ఎప్పుడూ 50 కిలోలే అయిన పంచదార లాంటి వాటికి రెండు కొలతల్ని ముడిపెట్టే కాంపౌండ్ యూనిట్ చాలు. మిర్చి అలా కాదు, ఒక బస్తా 42 కిలోలుంటే పక్కది 46 ఉంటుంది. దానికి కిలో అసలు యూనిట్‌గా, బస్తా ఆల్టర్నేట్ (రెండో) యూనిట్‌గా పెట్టాలి. అప్పుడు ఒక్కో ఎంట్రీలో కాటా మీద తేలిన బరువు, బస్తాల సంఖ్య రెండూ రాయొచ్చు. కిలో యూనిట్‌కి దశాంశ స్థానాలు 3 ఇవ్వండి, లేకపోతే గ్రాములు ఎక్కవు. లావాదేవీలు మొదలయ్యాక ఐటమ్ యూనిట్ మార్చనివ్వదు, అందుకని తీరిగ్గా ఆలోచించి పెట్టాల్సింది ఇదే. సబ్బులు, నూనెల కంపెనీలు 10కి 1 ఉచితం అని స్కీములిస్తుంటాయి కదా, వాటికి ఎఫ్11 సెట్టింగుల్లో యాక్చువల్ (నిజంగా ఇచ్చిన), బిల్డ్ (బిల్లు చేసిన) క్వాంటిటీలు విడిగా చూపించే ఏర్పాటు ఉంది. స్టాక్ నుంచి 11 తగ్గుతాయి, డబ్బు 10కే పడుతుంది. కాగితం రిజిస్టర్‌లో ఎప్పుడూ గల్లంతయ్యేది ఆ పదకొండోదే.

మొదటి లెక్కింపుకి ఒక సెలవు రోజు, కనీసం రెండు జట్లు కావాలి. ఒక జట్టు లెక్కించినది రెండో జట్టుకి చూపించకుండా మళ్లీ లెక్కించాలి, తేడా వచ్చిన వరుసలనే మూడోసారి. మొదలుపెట్టే ముందు ఆఖరి అమ్మకం బిల్లు నంబరు, ఆఖరి కొనుగోలు బిల్లు నంబరు కాగితం మీద రాసి గోడకి అంటించండి. లెక్క తప్పేది ఎక్కువగా మూడు రకాల సరుకులో: బిల్లయి ట్రాన్స్‌పోర్ట్ లారీ కోసం గోదాంలోనే పడి ఉన్నది, కచ్చా చీటీ మీద వెళ్లిపోయి ఇంకా బిల్లవనిది, సరఫరాదారు బిల్లు చేసినా దారిలో ఉన్నది. మొదటిదాన్ని మీ నిల్వలో కలపకూడదు. రెండోది గోదాంలో లేకపోయినా పుస్తకాల్లో ఇంకా మీదే, దానికి అదేరోజు బిల్లు కొట్టేయడం మేలు. మూడోది చేరాకే ఎక్కించాలి. పాడైన సరుకుని వేరే గోదాం పేరు కింద, అంటే టాలీలో ‘డ్యామేజ్’ అని ఒక గోదాం తెరిచి, అక్కడ చూపించండి.

ఐటమ్‌ల జాబితాని ఎక్సెల్‌లో తయారుచేసి నేరుగా ఇంపోర్ట్ చేసే వీలు రిలీజ్ 4.0 నుంచి ఉంది. వెయ్యి రకాల సరుకున్న దుకాణానికి ఇది పెద్ద ఊరట. అయితే ముందు పది ఐటమ్‌లతో పరీక్షించి, యూనిట్లు, గోదాములు సరిగా కూర్చున్నాయో చూసి మిగతావి పంపాలి. ఇప్పటికే బిల్లులకు టాలీ వాడుతూ కొనుగోళ్ల పరిమాణాలు ఎక్కించని దుకాణాల్లో స్టాక్ సమ్మరీ నిండా మైనస్‌లే ఉంటాయి. దాన్ని బాగుచేయాలని కూర్చోవడం కంటే ఏప్రిల్ 1 నుంచి కొత్త కంపెనీ తెరిచి, శుభ్రం చేసిన ఐటమ్‌లు, ఖాతాల నిల్వలు మాత్రమే తెచ్చుకోవడం తేలిక.

గోదాంకి వద్దాం. దుకాణం బేగంబజార్‌లో, సరుకు కాటేదాన్‌లోనో మేడ్చల్ దారిలోనో. కౌంటర్ నుంచి ఫోన్ వెళ్తుంది, పది బస్తాలు ఆటోట్రాలీ ఎక్కుతాయి, చీటీ జేబులో ఉండిపోతుంది. టాలీలో దీనికి డెలివరీ నోట్ (సరుకు పంపినట్టు రాసే ఎంట్రీ) ఉంది, ఆల్ట్ ఎఫ్8. సరుకు కదిలినప్పుడు ఇది చేస్తే అప్పుడే నిల్వ తగ్గుతుంది, బిల్లు తర్వాత ఎఫ్8లో కొట్టుకోవచ్చు. ప్రమాదమల్లా బిల్లు కొట్టేటప్పుడు ఆ డెలివరీ నోట్ ట్రాకింగ్ నంబరు ఎంచుకోకపోతే అదే సరుకు రెండుసార్లు తగ్గడం. గోదాంలో 40 బస్తాలుంటే కంప్యూటర్ 30 అంటుంది, దొంగతనమని వాచ్‌మన్ మీద పడతారు. సేల్స్ బిల్స్ పెండింగ్ రిపోర్ట్ రోజూ తెరిస్తే ఇది ఇట్టే దొరుకుతుంది. గోదాం నుంచి గోదాంకి మార్పిడైతే ఆల్ట్ ఎఫ్7, స్టాక్ జర్నల్: ఎడమన తీసిన చోటు, కుడిన చేరిన చోటు.

గోదాంలో కంప్యూటర్ పెట్టే స్తోమత, మనిషి లేకపోతే నంబర్లు అచ్చువేసిన రెండు ప్రతుల చీటీ పుస్తకం చాలు. ఒకటి సరుకుతో వెళ్తుంది, ఒకటి సాయంత్రం కౌంటర్‌కి వస్తుంది. నంబర్లలో ఒక్కటి తప్పినా ఆరోజు ఎంట్రీలు ముగించకూడదు. కాగితాన్ని పూర్తిగా వదిలేయమని చెప్పే డీలర్లు గోదాం గుమ్మం ఎప్పుడూ తొక్కి ఉండరు.

టాలీలో నచ్చని అసలు విషయం మైనస్ నిల్వ. లేని సరుకుకి కూడా బిల్లు కొట్టనిస్తుంది. హెచ్చరిక చూపించేలా పెట్టుకోవచ్చు గానీ, ఎంటర్ నొక్కితే దాటిపోతుంది. ఖచ్చితంగా ఆపాలంటే డీలర్ చేత విడిగా టీడీఎల్ (టాలీకి జోడించే చిన్న ప్రోగ్రామ్) రాయించుకోవాలి. మైనస్ రావడానికి కారణం ఎక్కువగా ఆలస్యమే: పొద్దున లారీ దిగుతుంది, మధ్యాహ్నానికి సగం అమ్ముడుపోతుంది, కొనుగోలు బిల్లు మర్నాడు ఎక్కుతుంది. నిల్వ సున్నా కిందికి పోయినప్పుడు సగటు ధర కట్టడం గాడి తప్పుతుంది, ముగింపు నిల్వ విలువ, దాంతో స్థూల లాభం రెండూ నమ్మలేని అంకెలవుతాయి. మందు తేలికే, సరుకు దిగగానే ఆల్ట్ ఎఫ్9తో రిసీట్ నోట్ (సరుకు అందినట్టు రాసే ఎంట్రీ) ఎక్కించి, బిల్లు వచ్చాక ఎఫ్9లో దానికి జత చేయడం.

బార్‌కోడ్ విషయంలోనూ సగం సగమే. స్కానర్ కీబోర్డ్‌లాగే పనిచేస్తుంది కనుక ఏలియాస్‌లో బార్‌కోడ్ అంకెలు పెడితే ఐటమ్ పట్టుకుంటుంది. లేబుళ్లు అచ్చువేయాలంటే మాత్రం యాడ్-ఆన్ కొనాలి. పప్పుల దుకాణానికి ఇది అక్కర్లేదు, వేల రకాల ఫిట్టింగులుండే ట్రూప్‌బజార్ శానిటరీ దుకాణానికి అవసరమే.

మెచ్చుకోవాల్సింది పన్ను రేట్ల తేదీల ఏర్పాటు. 2025 సెప్టెంబర్ 22న 12, 28 శాతం శ్లాబులు చాలావరకు పోయి నెయ్యి 12 నుంచి, స్నానపు సబ్బులు, తలనూనె 18 నుంచి 5 శాతానికి దిగినప్పుడు, కొత్త రేటుని ఆ తేదీ నుంచి వర్తించేలా స్టాక్ గ్రూపు దగ్గరే ఒకసారి పెట్టినవాళ్లకి పని నిమిషాల్లో అయిపోయింది. పాత బిల్లులు పాత రేటుతోనే ఉంటాయి. ప్రతి ఐటమ్‌లో రేటు విడివిడిగా రాసుకున్నవాళ్లే ఒక్కొక్కటీ తెరుచుకుంటూ పోయారు.

తరుగు, పాడైన సరుకు, పోయిన సరుకు గురించి ఒక మాట. సీజీఎస్‌టీ (కేంద్ర జీఎస్‌టీ) 56వ నిబంధన ప్రకారం స్టాక్ ఖాతాలో ప్రారంభ నిల్వ, వచ్చినది, అమ్మినదే కాక పోయినది, చోరీ అయినది, నాశనమైనది, ఉచితంగా ఇచ్చినది కూడా విడిగా కనబడాలి. కంట్రోల్ ఎఫ్7తో ఫిజికల్ స్టాక్ (లెక్కించి చూసిన నిల్వ) వేసేస్తే పరిమాణం సరిపోతుంది గానీ, ఎందుకు తగ్గిందో తెలియదు. కారణం వారీగా స్టాక్ జర్నల్‌లో తగ్గించి, ఎంట్రీ కింద నరేషన్‌లో (వివరణలో) రాయడం సరైన పద్ధతి. చోరీ అయిన, పారబోసిన సరుకు మీద తీసుకున్న ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన జీఎస్‌టీకి తీసుకున్న మినహాయింపు) వెనక్కి కట్టాలని సీజీఎస్‌టీ చట్టం 17(5) సెక్షన్ అంటుంది. ఆడిటర్ అడిగే మొదటి ప్రశ్న అదే.

యంత్రాల గురించి పెద్దగా చెప్పేదేం లేదు. సికింద్రాబాద్ కంప్యూటర్ మార్కెట్ సీటీసీలో దొరికే మామూలు విండోస్ కంప్యూటర్ సరిపోతుంది, డేటా ఉన్న మెషీన్‌కి ఎస్‌ఎస్‌డీ, యూపీఎస్ తప్పనిసరి. ఎంట్రీ మధ్యలో కరెంటు పోతే డేటా పాడయ్యే ప్రమాదముంది. గోల్డ్ వాడేచోట వైఫై వద్దు, కేబుల్ లాగించండి. బ్యాకప్ రోజూ తీయాలి, ఆ పెన్‌డ్రైవ్ దుకాణంలోనే ఉంచితే అది బ్యాకప్ కిందికి రాదు. ఆపరేటర్ విషయంలో, అమీర్‌పేటలో టాలీ కోర్సు చేసినవాళ్లు కావలసినంతమంది దొరుకుతారు. వాళ్లకి వోచర్లు వచ్చు, మీ సరుకు తెలియదు. మొదటి వారం వాళ్లను గోదాంలో నిలబెట్టండి.

ఎవరికి వద్దంటే, బ్యాచ్ వారీగా, గడువు తేదీ వారీగా అమ్మే మందుల హోల్‌సేల్‌కి. టాలీలో బ్యాచ్, ఎక్స్‌పైరీ ఉన్నా ఆ వ్యాపారం తీరుకి మార్గ్ లాంటి సాఫ్ట్‌వేర్లు దగ్గరగా ఉంటాయి. ఊరూరా తిరిగే సేల్స్‌మెన్ ఫోన్లోనే ఆర్డర్ ఎక్కించాలనుకుంటే క్లౌడ్‌లో నడిచే జోహో ఇన్వెంటరీ వంటివి చూడాలి. టాలీ పుట్టుకతో విండోస్ మనిషి. యాభై రకాల సరుకు, ఒకటే గది ఉన్న చిన్న దుకాణానికి ‘వ్యాపార్’ అనే యాప్ చాలు.

మిగతావాళ్లు ఒక నెలపాటు రిజిస్టర్ని పక్కనే నడిపించండి. అన్ని ఐటమ్‌లూ సరిచూసే ఓపిక ఎవరికీ ఉండదు. రోజూ బాగా కదిలే పదిహేను, ఇరవై సరుకులు ఎంచుకుని సాయంత్రం గోదాం నిల్వ, టాలీ నిల్వ పోల్చండి. వరసగా రెండు వారాలు తేడా లేకపోతే రిజిస్టర్ ఆపేయొచ్చు. ఆపాక దాన్ని పాత కాగితాలకి వేయకండి. వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు లెక్కలు దాచాలి. అంటే 2024-25 పుస్తకాలు 2031 డిసెంబర్ 31 వరకు అటక మీద ఉండాల్సిందే.